ఎనిమిదో ట్రాక్

పోయిన నెల మా బావకి మోకాలి ఆపరేషన్ అయింది. సూర్యారావుపేటలో ఆసుపత్రి. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సమ్మాయి దూదితో చెయ్యి తుడిచింది. ఆ వాసన తగలగానే బావ కళ్లు మూసుకునే, "ఒరేయ్, రబ్బరు రోలరుకి మాత్రం తగలనీకు, గట్టిపడిపోద్ది" అన్నాడు. మత్తు ఇంకా దిగలేదేమోనని ఆ అమ్మాయి నావైపు చూసింది. నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం "మొదలెట్టారు ఇద్దరూ" అని ఫ్లాస్కు పట్టుకుని బయటికెళ్లిపోయింది.

అది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాసన. టేపు మిషన్ హెడ్లు తుడిచేది దాంతోనే. మందుల షాపు స్పిరిట్లో ఏవేవో నూనెలు కలుస్తాయని బావ దాన్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. వన్‌టౌన్‌లో కెమికల్స్ అమ్మే కొట్టు నుంచి సీసాలో పోయించుకొచ్చేవాళ్లం. పొద్దున తాళం తీయగానే ముందు దేవుడి పటానికి అగరుబత్తి, తర్వాత హెడ్లకి దూది. దూదికి గోధుమరంగు పొడి అంటుకునేది. టేపు మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ అది. "ఎవరి గొంతో రాలిపోతోందిరా" అనేవాడు బావ, ఆ దూది చూపించి. రబ్బరు రోలరుకి మాత్రం సబ్బునీళ్లే.

గవర్నరుపేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో, మేడ మీద ఉండేది మా స్టూడియో. మాది అంటున్నానుగానీ, బావ అక్కడ రికార్డింగ్ ఇంజనీరు, అంతే. నేను ఇంటర్ అయ్యాక ఏం చేయాలో తెలీక, అక్క కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని మధ్యాహ్నం పూట వెళ్లి, అక్కడే ఉండిపోయినవాణ్ణి. కింద ప్రింటింగ్ ప్రెస్. పగలంతా ట్రెడిల్ మిషన్ దడదడమంటూ శుభలేఖలు కొడుతూనే ఉండేది. ఆ అదురు మైకు స్టాండులోంచి పైకి ఎక్కేది. అందుకని పెళ్లిళ్ల సీజన్లో మా గాయకులందరూ రాత్రి ఎనిమిది తర్వాతే పాడేవాళ్లు. గోడలకి కొబ్బరిపీచు కూరిన గోనెసంచులు, వాటి మీద ముదురాకుపచ్చ గుడ్డ. ఏసీ ఒకటుండేదిగానీ టేక్ అనగానే ఆపేయాలి. మే నెల్లో బెజవాడ ఎండ తెలిసిందేగా. టవలు తడిపి మెడకి చుట్టుకుని పాడేవాళ్లు.

దసరా ముందు అమ్మవారి పాటలు, ఆ వెంటనే భవానీ మాలల పాటలు, కార్తీకంలో అయ్యప్ప పాటలు, శివరాత్రికి శివుడి పాటలు, ఎన్నికలొస్తే ఆ పార్టీ ఈ పార్టీ అని లేకుండా అందరి పాటలూ. ఉదయం ఒక జెండాకి పాడిన కుర్రాడే సాయంత్రం ఇంకో జెండాకి పాడేవాడు, చొక్కా కూడా మార్చకుండా.

* * *

మొదట్లో ఉన్నది నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్. మామూలు క్యాసెట్టే, కానీ రెండు వైపులా ఉండే నాలుగు దారులూ (ట్రాకులంటే అవే) ఒకే వైపు తిరిగేటప్పుడు వాడుకునేది. మాస్టారి దగ్గర (కీబోర్డు వాయించే ఆయన్ని అందరం మాస్టారనే వాళ్లం) ఒక డీఎక్స్ 7 కీబోర్డు, ఒక డ్రమ్ మెషిన్ ఉండేవి. ఆ డ్రమ్ మెషిన్ వెనక టేప్ సింక్ అని ఒక రంధ్రం. దాంట్లోంచి రెండు రకాల కూతలు మార్చి మార్చి వచ్చేవి. ఆ కూతని నాలుగో ట్రాకులోకి ఎక్కిస్తే, తర్వాత టేపు తిరిగేటప్పుడు డ్రమ్ మెషిన్ దాన్ని విని టేపుతోపాటు నడిచేది. అంటే డ్రమ్ములు టేపు మీద చోటు తినకుండా, చివర్లో మిక్సింగ్ అప్పుడు నేరుగా వాయిస్తాయి. మిగిలిన మూడు ట్రాకులూ గొంతుకీ, వేణువుకీ, డోలక్‌కీ.

బాగానే ఉందిగానీ, ఆ కూతకి లెక్క తెలుసు, చోటు తెలీదు. ఇన్ని అడుగులు వేశాను అని చెప్తుంది తప్ప ఎక్కడున్నానో చెప్పదు. రెండో చరణంలో ఒక్క మాట తప్పుపోయినా టేపుని మొదటికి తిప్పి, పల్లవి నుంచి రావాల్సిందే. గాయకురాలు అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడి, పల్లవి, అనుపల్లవి, మొదటి చరణం అన్నీ అయ్యేదాకా చూస్తూ ఉండేది. ఇంకో బాధ: వేగం కూడా ఆ కూతలోనే ఉండిపోయేది. అంతా అయ్యాక పాట రాసినాయన వచ్చి "కాస్త నిదానం అయితే భక్తి వస్తుందండీ" అన్నాడంటే, మొత్తం మళ్లీ మొదలు.

తర్వాత మా ప్రొప్రయిటరు గారు మద్రాసు వెళ్లి ఫాస్టెక్స్ ఆర్-8 కొనుక్కొచ్చారు. పావు అంగుళం టేపు, ఏడంగుళాల స్పూలు, సెకనుకి 15 అంగుళాల వేగం, ఎనిమిది ట్రాకులు. దాంతోపాటు అటారీ 1040 ఎస్‌టీ కంప్యూటరు, టేపునీ కంప్యూటరునీ కలిపి నడిపే ఒక సింక్ పెట్టె. ఆ అటారీకి మిడి సాకెట్లు (ఏ స్వరం ఎప్పుడు వాయించాలో కంప్యూటరు కీబోర్డులకి చెప్పేది వీటిలోంచే) కంపెనీ నుంచే వచ్చేవి, వేరే కార్డు అక్కర్లేదు. వాయించిన స్వరాలు గుర్తుపెట్టుకుని కీబోర్డుల చేత మళ్లీ వాయించే సీక్వెన్సర్ ప్రోగ్రామ్ ఫ్లాపీలో ఉన్నా, కార్ట్రిడ్జి గాడిలో డాంగిల్ అనే తాళంచెవి లాంటి ముక్క పెట్టకపోతే తెరుచుకునేది కాదు. ఆ డాంగిల్‌ని బావ ఇంటికి పట్టుకుపోయి, అక్క నగల డబ్బాలో పెట్టేవాడు.

కొబ్బరికాయ కొట్టాం. స్వీట్లు పంచాం. ప్రొప్రయిటరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "అయితే ఏమయ్యా, ఇంక ఒకేసారి ఎనిమిది" అన్నారు.

"ఏడండీ" అన్నాడు బావ.

"ఎనిమిది అని రాసిందిగా?"

"ఎనిమిదోది కోడుకండీ. దాంట్లో పాట ఎక్కించం."

"పాట ఎక్కించకపోతే ఏం ఎక్కిస్తావు?"

బావ పెట్టె ఆన్ చేసి ఆ శబ్దం వినిపించాడు. అగ్గిపెట్టెలో జోరీగని పెట్టి చెవి దగ్గర పట్టుకున్నట్టు, గట్టిగా, ఎక్కడా ఆగకుండా. ప్రొప్రయిటరు గారు కాసేపు విని, "దీనికా నేను ఎనిమిదో వంతు డబ్బులిచ్చింది?" అని లేచి వెళ్లిపోయారు. ఆ మాట ఆయన చాలాకాలం అన్నారు.

* * *

ఆ జోరీగ పేరు సింప్టీ టైమ్‌కోడ్. అమెరికాలో సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం వీడియో ఎడిటింగ్ కోసం 1960ల చివర్లో తయారైన పద్ధతిని ప్రమాణంగా తీసుకుంది. దాని పనల్లా టేపులో ప్రతి చోటుకీ ఒక చిరునామా ఇవ్వడం: గంట, నిమిషం, సెకను, ఫ్రేము. ఒక్కో ఫ్రేముకి 80 బిట్లు. మన దగ్గర టీవీ సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి సెకనుకి 2000 బిట్లు. అమెరికా వాళ్లకి 30, వాళ్ల కలర్ టీవీకి 29.97. ఆ తేడా సర్దడానికి వాళ్లు నిమిషానికి రెండు ఫ్రేము నంబర్లు ఎగరగొట్టి, ప్రతి పదో నిమిషంలో మాత్రం ఎగరగొట్టకుండా వదిలేస్తారు. "అధిక మాసం లెక్కలు వాళ్లకీ తప్పలేదురా, కాకపోతే తిరగేసి" అనేవాడు బావ.

ఆ 80 బిట్లలో చివరి 16 ఎప్పుడూ ఒకటే. మధ్యలో వరసగా పన్నెండు ఒకట్లు వస్తాయి, అలాంటి వరస మిగతా కోడులో ఎక్కడా రాదు. ఆ గుర్తు రెండు కొసలూ వేరుగా ఉంటాయి కాబట్టి టేపు ముందుకి వెళ్తోందో వెనక్కి వెళ్తోందో కూడా పెట్టెకి తెలిసిపోయేది. టేపుని రివైండులో నెమ్మదిగా తిప్పుతుంటే అంకెలు వెనక్కి నడిచేవి. నాకు అది చూడటం భలే సరదాగా ఉండేది.

ఇక స్ట్రైపింగ్. పాట మొదలవకముందే, ఖాళీ టేపు మీద, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎనిమిదో ట్రాకులో కోడు ఎక్కించాలి. 1800 అడుగుల టేపు, 15 అంగుళాల వేగం, అంటే 24 నిమిషాలు. దీనికి అడ్డదారి లేదు. టేపు ఎంతసేపు తిరిగితే అంతసేపు కూర్చోవాల్సిందే. ఆ పని నాది. రెండో ఆట వదిలి జనం సందులోంచి వెళ్లిపోయాక, రోడ్డు మీద సోడా బండి గంట కూడా ఆగిపోయాక మొదలుపెట్టేవాణ్ణి. రాత్రే ఎందుకంటే, పగలు కరెంటు మీద నమ్మకం లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను మనకి కూతవేటు దూరంలోనే ఉన్నా, కోత కోతే.

బావ పెట్టిన నియమాలు గోడ మీద అట్టముక్క మీద రాసుండేవి. కోడుకి నాయిస్ రిడక్షన్ (టేపు బుసని తగ్గించేది) ఆపు. ఈక్వలైజర్ ముట్టుకోకు. మిక్సర్‌లోంచి తీసుకెళ్లకు, పెట్టెలోంచి నేరుగా మిషన్‌కి. మీటరు సున్నాకి ఏడు నుంచి పది కింద ఉండాలి: ఎక్కువైతే పక్క ట్రాకులోకి కారుతుంది, తక్కువైతే పెట్టెకి వినపడదు. ఫ్రేములు 25 అని చూసుకో. ఈ చివరిది ఎర్ర సిరాతో ఉండేది. ఎందుకంటే కరెంటు పోయి వస్తే ఆ పెట్టె తన బుద్ధి కొద్దీ 30కి వెళ్లిపోయేది. టేపు మీద ఒకటి, సీక్వెన్సర్‌లో ఇంకొకటి ఉంటే ఇక ఆ రెండిటికీ పొత్తు కుదరదు.

ఇంకొకటి, టేపుని సున్నా గంటల నుంచి మొదలుపెట్టకూడదు. పాటకి ముందు కాసేపు టేపు తిరిగి వేగం అందుకోవాలి కదా, సున్నా దగ్గర పాట పెడితే దానికి ముందున్నది 23 గంటల 59 నిమిషాలు అవుతుంది, యంత్రం తికమకపడుతుంది. అందుకని మొదటి పాట ఒంటిగంటకి, రెండోది రెండు గంటలకి. ప్రొప్రయిటరు గారు ఒకసారి సాయంత్రం నాలుగింటికి వచ్చి, పెట్టె మీద ఎర్ర అంకెలు చూసి, "ముందు ఆ గడియారం సరి చేయించండయ్యా, పార్టీలు వస్తారు" అన్నారు. మేం అలాగేనండీ అన్నాం.

మధ్యలో కరెంటు పోతే? అక్కడికి రాసింది పోదు. కరెంటొచ్చాక టేపుని కాస్త వెనక్కి తిప్పి, రాసి ఉన్న కోడుని పెట్టెకి వినిపిస్తే, అది ఆ అంకె అందుకుని, అక్కడి నుంచి తన సొంతంగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. దాన్ని జామ్ సింక్ అంటారు. సరిగ్గా చోటు చూసుకుని రికార్డు బటన్ నొక్కితే అతుకు కనపడదు.

* * *

ఏడో ట్రాకు గురించి చెప్పాలి. ఎంత జాగ్రత్తగా ఎక్కించినా ఎనిమిదోది పక్కింట్లోకి కొంచెం వినపడుతూనే ఉంటుంది. పావు అంగుళం వెడల్పులో ఎనిమిది దారులంటే మధ్యలో గోడలు ఎంత పల్చగా ఉంటాయో చూడండి. అందుకని ఏడులో గొంతు పెట్టకూడదు, వేణువు అసలే పెట్టకూడదు. బేస్ గిటారో, డప్పులో పెట్టాలి. ఒకసారి వీణ వాయించడానికి ఒకావిడ వచ్చారు. ట్రాకులన్నీ అయిపోయి ఏడోది ఒక్కటే మిగిలింది. బావ ససేమిరా అన్నాడు. డోలక్‌నీ తబలానీ కలిపి ఒక ట్రాకులోకి దించి, ఖాళీ అయిన మూడో ట్రాకు ఆవిడకి ఇచ్చాడు. అలా దించాక ఇక విడదీయలేం, తబలా కాస్త తగ్గించమంటే డోలక్ కూడా తగ్గుతుంది. తబలా ఆయనకి కోపమొచ్చింది. వీణ మాత్రం అద్దంలా వచ్చింది.

రేడియో స్టేషనులో వాయించి, మా దగ్గరికి వచ్చే మృదంగం పెద్దాయన ఒకరుండేవారు. బెజవాడలో రేడియో కేంద్రం 1948 నుంచీ ఉంది కాబట్టి ఊళ్లో విద్వాంసులకి కొదవ లేదు, మా బోటి చిన్న స్టూడియోలు బతికిందే వాళ్ల వల్ల. ఆయనకి హెడ్‌ఫోన్ పెట్టి, దాంట్లో టిక్ టిక్ మని క్లిక్ వినిపిస్తే, రెండు ఆవర్తాలు వాయించి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు తాళం చెప్పేది ఇదా?"

"అది మీతోపాటు ఉంటుందండీ, అంతే" అన్నారు మాస్టారు.

"నాతో ఉండట్లేదు, నన్ను లాక్కెళ్తోంది. పాట చివర్లో కాలం కాస్త బిగుస్తుంది. బిగవాలి. ఇది బిగవనివ్వట్లేదు."

మాస్టారు నచ్చజెప్పబోయారు. బావ ఆయన్ని ఆపి, "మీరు క్లిక్ లేకుండా వాయించండి బాబాయ్ గారూ, పాటాయన మీ ఎదురుగా కూచుంటాడు" అన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, వాళ్లకి తోచిన కాలంలో కీర్తన మొత్తం ఒకే టేకులో ఇచ్చేశారు. కోడు ఎనిమిదో ట్రాకులో ఎలాగూ ఉంది.

ఆ తర్వాతది నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. అందరూ వెళ్లిపోయాక బావ టేపు తిప్పి, ఆ పెట్టె మీద ఉన్న ట్యాప్ బటన్‌ని వేలితో, ఆది తాళం ఒక్కో అక్షరానికీ ఒక్కో దెబ్బ చొప్పున, పాట పొడుగునా కొట్టాడు. పెద్దాయన బిగించిన చోట బావ వేలూ బిగిసింది, ముక్తాయింపు ముందు ఆయన ఆగిన చోట ఆగింది. ఆ దెబ్బలు ఏ ఫ్రేములో పడ్డాయో పెట్టె దాచుకుంది. ఇక మర్నాటి నుంచి సీక్వెన్సర్ నడిచింది ఆ వేగాల మీదే. మిడిలో ఒక్కో లయ దెబ్బకి 24 గడియలు, ఆ గడియల దూరం ఎక్కడికక్కడ మారుతూ వచ్చింది. మాస్టారు తీగవాద్యాలు, గంటలు అన్నీ దాని మీద వాయించారు. పాత కూత పద్ధతిలో ఇది కుదిరే పని కాదు. అక్కడ వేగం ముందు, వాయించేది తర్వాత. ఇక్కడ మనిషి వాయించాక వేగం రాసుకోవచ్చు.

వారం తర్వాత పెద్దాయన వచ్చి విన్నారు. చేత్తో తాళం వేస్తూ, చివర్లో బిగిసే చోటు వచ్చేసరికి వెయ్యడం ఆపి, ఆ కీబోర్డు ఎలా వస్తుందో అని చూస్తూ కూచున్నారు. వచ్చింది. "ఊఁ, ఇప్పుడు దారికొచ్చింది" అన్నారు. మాస్టారినో, పెట్టెనో తెలీలేదు.

* * *

కోడుని కాపీ కొట్టకూడదు అన్నది బావకి వేదవాక్కు. ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒక టేపు నుంచి ఇంకో టేపుకి పాటని దించుకోవచ్చు, కోడుని మాత్రం ఎందుకు దించకూడదు?

అర్థమైంది ఒక పార్టీ వచ్చిన రోజున. వేరే ఊళ్లో వేరే స్టూడియోలో సగం పని చేయించుకుని, స్పూలు, ఫ్లాపీ రెండూ పట్టుకొచ్చారు. గొంతులు మా దగ్గర. దసరా దగ్గరికొచ్చేసింది. టేపు వేస్తే, పెట్టె మీద అంకెలు కాసేపు నడిచి ఆగిపోతాయి, మళ్లీ నడుస్తాయి. చరణం మధ్యలో డ్రమ్ములు ఠక్కున ఆగిపోతే గాయకుడు ఒక్కడే పాడుతూ ఉంటాడు. బావ ఎనిమిదో ట్రాకు ఒక్కదాన్నే స్పీకరులో పెట్టి విన్నాడు. నాకు ఎప్పుడూ వినే జోరీగే. ఆయనకి మాత్రం మొహం మారిపోయింది.

"దించార్రా దీన్ని. మిక్సర్‌లోంచి దించారు. అంచులు పోయినై."

కోడు చతురస్రపు అల. ప్రతి బిట్టు మొదట్లోనూ అల ఒకసారి తిరగబడుతుంది, ఆ బిట్టు ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి తిరగబడుతుంది, సున్నా అయితే లేదు. తిరగబడే ఆ క్షణాన్ని పట్టుకునే పెట్టె చదువుకునేది. టేపు మీదికి ఎక్కినప్పుడే అంచులు కొంచెం గుండ్రబడతాయి. దాన్ని ఇంకో టేపుకి దించితే ఇంకొంచెం. పాటకైతే అది కాస్త మెత్తదనం, అంతే. కోడుకైతే చదువు పోయినట్టే.

ఆ రాత్రి బావ ఎల్ఎం 311 అనే కంపారేటర్ చిప్పు, నాలుగు రెసిస్టర్లు పెట్టి, అట్ట మీద చిన్న సర్క్యూటు అతికాడు. గుండ్రబడ్డ అల ఒక గీత దాటగానే పూర్తిగా పైకీ, గీత కిందికి రాగానే పూర్తిగా కిందికీ కొట్టేస్తుంది అది. రేడియో రిపేర్ల నుంచి వచ్చిన మనిషి కదా, చేతిలో టంకం కడ్డీ ఉంటే ధైర్యం ఎక్కువ. ఎనిమిదో ట్రాకు శబ్దం దాంట్లోంచి పోయి పెట్టెలోకి వెళ్లింది. పెట్టె దాన్ని చదివి, ఆ అంకెలతోనే సరికొత్త కోడు పుట్టించి బయటికి వదిలింది. రీజనరేషన్ అంటే అదే: పాతదాన్ని దించడం లేదు, విని మళ్లీ రాస్తోంది. మధ్యలో టేపు నలిగి ఒకటి రెండు ఫ్రేములు వినపడకపోయినా, పెట్టె తన లెక్క తను కొనసాగించి, మళ్లీ వినపడగానే కలుపుకునేది.

కానీ ఎక్కడికి రాయాలి? చదువుతున్న ట్రాకు మీదే రాయలేం. ఏడులో రాస్తే, రాసేది చదివేదాంట్లోకి కారి రెండూ కలగాపులగం అవుతాయి. వీలైనంత దూరం కావాలి, అంటే ఒకటో ట్రాకు. అక్కడ ఘటం ఉంది. ఘటాన్ని కంజీరతో కలిపి పక్కకి దించి ఒకటి ఖాళీ చేశాం. ఎనిమిది నుంచి ఒకటికి కొత్త కోడు, టేపు చివరిదాకా. మళ్లీ ఒకటి నుంచి చదివి, ఎనిమిది మీద పాతదాన్ని చెరిపేస్తూ ఇంకోసారి. ఒకటో ట్రాకు తిరిగి చేతికొచ్చింది.

అప్పటికీ పని అవలేదు. పెట్టె చదివి, మళ్లీ పలికేసరికి కొంచెం ఆలస్యం పడుతుంది. ఒక్క ఫ్రేము తేడా అంటే 40 మిల్లీసెకన్లు. అంత తేడా ఉంటే వాళ్లు టేపు మీద ఎక్కించిన డప్పు, సీక్వెన్సర్ వాయించే డప్పు ధడ్‌-ధడ్ మని రెండుగా వినపడతాయి. బావ రెండూ కలిపి పెట్టి, ఆ ఆలస్యాన్ని సర్దే ఆఫ్‌సెట్ అంకెని కొంచెం కొంచెం జరుపుతూ కూచున్నాడు. రెండు దెబ్బలూ ఒకటైపోయి, ఒక్కసారిగా బలంగా వినపడే చోటొకటి ఉంటుంది. అది దొరికేసరికి కింద పాలవాళ్ల సైకిళ్లు మొదలయ్యాయి. పార్టీ వాళ్లు సోఫాలో నిద్రపోతున్నారు. లేచి, "అయిందాండీ? మరి రాత్రంతా పాట ఏమీ ఎక్కించలేదే, దీనికి కూడా గంటల లెక్కేనా?" అని అడిగారు. గంటల లెక్కే అన్నారు ప్రొప్రయిటరు గారు. ఎనిమిదో ట్రాకు వల్ల ఆయనకి డబ్బులు రావడం అదే మొదలు.

* * *

జలుబు చేసిన గాయకురాలి కథ చిన్నదేగానీ చెప్పకుండా ఉండలేను. ఐదున్నర శ్రుతిలో పాడే మనిషి, ఆ రోజు ఐదు దాటి పైకి పోలేకపోతోంది. టేపు మిషన్‌కి వేగం తగ్గించే మీట ఉంది. అరశ్రుతి దించాలంటే వేగం నూటికి ఆరు పాళ్లు తగ్గించాలి. తగ్గించి ఆమె చేత పాడించి, తర్వాత మామూలు వేగంలో వింటే గొంతు పైకి లేస్తుంది. సరేనని తగ్గించాం. టేపు మీదున్న హార్మోనియం, వేణువు కిందికి దిగాయి. కోడు కూడా నెమ్మదించింది, దాన్ని వినే సీక్వెన్సర్ బుద్ధిగా తాళం నెమ్మది చేసుకుంది. కానీ కీబోర్డులు మాత్రం అదే శ్రుతిలో ఉండిపోయాయి! వాటికి కోడు చెప్పేది ఎప్పుడు వాయించాలో గానీ, ఏ శ్రుతిలో వాయించాలో కాదు కదా. ఆ రెండు శ్రుతులూ కలిసి వచ్చిన మోతకి ఆమె జలుబు మర్చిపోయి నవ్వింది. మాస్టారు ఒక్కో కీబోర్డు ట్యూనింగ్ మెనూలోకి వెళ్లి అన్నిటినీ దించుకుంటూ వచ్చారు.

తర్వాత మిడి టైమ్‌కోడ్ వచ్చింది, కోడులోని అంకెలే మిడి తీగలోంచి ముక్కలు ముక్కలుగా పోయేవి, ఎనిమిది ముక్కలకి ఒక పూర్తి అంకె. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చెడిపోలేదు కాబట్టి. 1990ల మొదట్లో ఎడాట్ అనేది బయటికొచ్చింది. ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు, సింక్‌కి వేరే తీగ. మా ఊరికి చేరడానికి కొన్నాళ్లు పట్టిందనుకోండి. వచ్చాక, ఎనిమిదికి ఎనిమిదీ పాటకే. మొదటి రోజు ఆ ఎనిమిదో దాంట్లో ఏం పెట్టాలో తోచక ఉత్త తంబూరా ఎక్కించాం. ఆ తర్వాత కంప్యూటర్లోనే ట్రాకులు, ఎన్ని కావాలంటే అన్ని. ఎన్ని కావాలంటే అన్ని వచ్చాక ఘటం, కంజీర దేంతో కలపాలని ఎవరూ తగువులాడలేదు. నిజం చెప్పాలంటే, ఆ తగువుల్లోనే సగం మిక్సింగ్ అయిపోయేదని నాకు ఇప్పటికీ అనుమానం.

ప్రొప్రయిటరు గారు పోయాక స్టూడియో మూసేశారు. ఆ మేడ ఇప్పుడు లేదు, అపార్టుమెంటు కట్టారు. ప్రెస్సు వాళ్లు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మిషన్ పెట్టుకుని ఆటోనగర్ వైపు వెళ్లిపోయారు. అటారీ ఏమైందో తెలీదుగానీ, డాంగిల్ మాత్రం అక్క నగల డబ్బాలోనే ఉంది. అదేంటో తెలీని మా కొత్త కోడలు ఏదో దేవుడి యంత్రం అనుకుని పసుపు బొట్టు పెట్టింది.

* * *

మేనల్లుడు పెళ్లి వీడియోలు తీస్తాడు. పోయిన ఆదివారం బావని చూడ్డానికి పటమటలో వాళ్లింటికి వెళ్తే, వాడు హాల్లో కెమెరాలన్నీ పరిచి, ఒక్కోదానికీ అగ్గిపెట్టంత డబ్బా తగిలిస్తున్నాడు. లాప్‌టాప్‌లోంచి ఉన్నట్టుండి ఆ శబ్దం వచ్చింది. బావ మోకాలికి కట్టున్నా కుర్చీలోంచి సగం లేచాడు.

"అదేంట్రా?"

"టైమ్‌కోడ్ నాన్నా. నాలుగు కెమెరాలూ, సౌండు రికార్డరూ తర్వాత ఒక్క బటన్‌తో కలిసిపోతాయి."

"ఎన్ని ఫ్రేములు?"

"25."

బావ నావైపు చూశాడు. కాసేపు ఏమీ అనలేదుగానీ, ఆగలేకపోయాడు. "జామ్ ఎప్పుడు చేస్తావు?"

"పొద్దున ఒకసారి. సాయంత్రం దాకా పెద్దగా తేడా రాదు."

"ముహూర్తం తెల్లవారుజామునయితే? భోజనాలప్పుడు ఇంకోసారి చెయ్యి."

వాడు తలూపాడు, వినలేదని ఇద్దరికీ తెలుసు. బావ ఒక కెమెరా చేతిలోకి తీసుకుని, తీగ ఎక్కడికి పోతోందో వేలితో వెతికాడు. అది మైకు రంధ్రంలోకి పోతోంది.

"దీనికి కోడు సాకెట్ లేదా?"

"చిన్న కెమెరా కదా, లేదు. కోడుని ఎడమ ఛానెల్లో ఎక్కిస్తాం. కుడి దాంట్లో సౌండు."

"అంటే రెండు ఛానెళ్లు ఇచ్చి, ఒకటి దీనికి తీసేసుకున్నారు."

"అంతే కదా నాన్నా, ఏమయింది?"

"ఏం కాలేదు. నాయిస్ రిడక్షన్ ఆపావా దాంట్లో?"

వాడు మెనూ తెరిచి చూశాడు. ఆన్‌లో ఉంది.